ట్రైలరు పొడవు, క్యాంపు స్థలం కొలత: యోసెమిటీ నుంచి జయాన్ వరకు

వేసవిలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళబోతున్న మా కూకట్‌పల్లి కాలనీ మిత్రులు కొందరు ట్రైలరు (ట్రక్కు వెనుక కట్టి లాగే చక్రాల ఇల్లు) ప్రయాణం గురించి నన్ను అడుగుతున్నారు. వంట మన చేతిలోనే ఉంటుంది, పథ్యం తప్పదు, అర్ధరాత్రి లేచినా స్నానాలగది నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది కనుక మా వయసువారికి ఆ ఆలోచన నచ్చడం సహజమే. అయితే వారందరూ మొదట అడిగేది అద్దె ఎంత అని. నన్నడిగితే మొదట తేల్చుకోవలసింది పొడవు ఎంత అని. ఏ పార్కులో ఉండగలం, ఏ దారిన పోగలం, ఎక్కడ కరెంటు దొరుకుతుంది అన్నవన్నీ చివరికి ఆ ఒక్క కొలత మీదనే ఆధారపడి ఉంటాయి.

మేము వెళ్ళినది కుమార్తె, అల్లుడు, మనవడితో కలిసి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి బయలుదేరి యోసెమిటీ, సెకోయా, గ్రాండ్ కాన్యన్, జయాన్ జాతీయ పార్కులు చూసి, లాస్ వేగస్ మీదుగా తిరిగి వచ్చాము. లాగే వాహనం అల్లుడిగారి పికప్ ట్రక్కు. నాలుగు తలుపుల పికప్‌లు సాధారణంగా 19 నుంచి 20 అడుగులు ఉంటాయి, అదీ ఆ కోవలోనిదే. ఇక్కడి రవాణా శాఖ కార్యాలయంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఒక సంవత్సరం చెల్లుతుంది. నేను దానిని తీసుకునే వెళ్ళాను గాని, ట్రైలరు కట్టిన బండిని నడిపే పని అల్లుడిగారికే వదిలేశాను, అందుకు ఇంట్లో ఎవరూ బాధపడలేదు.

బండి నిలిపి బస చేసే క్యాంపు స్థలానికి ఎదురుగా రాసి ఉండే పొడవు సంఖ్య అన్నిచోట్లా ఒకే అర్థంలో ఉండదన్నది ముందుగా గ్రహించవలసిన విషయం. యోసెమిటీ లోయలోని అప్పర్ పైన్స్ క్యాంపులో మోటారు ఇంటికి (సొంత ఇంజనుతో బస్సులా నడిచే ఇల్లు) 35 అడుగులు, ట్రైలరుకు 24 అడుగులు గరిష్ఠ పరిమితి. పక్కనే ఉన్న లోయర్ పైన్స్, నార్త్ పైన్స్ క్యాంపుల్లో ఇవే పరిమితులు 40, 35 అడుగులు. 24 అడుగులన్నది ట్రక్కును కలుపుకొని చెప్పిన కొలతే అయితే, 19 అడుగుల ట్రక్కు పోగా ట్రైలరుకు మిగిలేది 5 అడుగులే. కాబట్టి అది ట్రైలరు ఒక్కదాని కొలత అని ఎవరైనా పోల్చుకోవచ్చు. అదే మరికొన్ని పార్కుల్లో, ముఖ్యంగా ఒక్కొక్క స్థలానికి విడిగా గరిష్ఠ వాహన పొడవు రాసినచోట, ట్రక్కు, ట్రైలరు కలిసిన మొత్తం పొడవునే లెక్కలోకి తీసుకుంటారు. 40 అని కనబడగానే మన 24 అడుగుల ట్రైలరు సులభంగా పట్టేస్తుందని సంతోషించకుండా, ఆ 40లో ట్రక్కు కూడా ఉందా లేదా అని పార్కుకు ఫోన్ చేసి అడగడం మంచిది. పొడవు మించితే గేటు దగ్గర వెనక్కి పంపవచ్చు, ఆ వేళకు చుట్టుపక్కల మరో స్థలం దొరకదు.

మోటారు ఇంటికి ఎక్కువ, ట్రైలరుకు తక్కువ ఎందుకన్న ప్రశ్న రోడ్ల పనిలో ఉద్యోగం చేసిన నాకు సహజంగానే కలిగింది. కారణం స్థలం ఒక్కటే కాదు, మలుపు కూడా. మలుపు తిరిగేటప్పుడు ట్రైలరు చక్రాలు ట్రక్కు చక్రాలు వెళ్ళిన జాడలో రావు. లోపలివైపు కోసుకుంటూ వస్తాయి. ఆ పాత క్యాంపుల దారులు చెట్ల మధ్య నుంచి సన్నగా వంకరలు తిరిగి ఉంటాయి, లోపలి అంచున పెద్ద బండరాళ్ళు ఉంటాయి. దానికి తోడు ట్రైలరును వెనక్కి నడిపి స్థలంలో పెట్టాక, విప్పిన ట్రక్కుకు మళ్ళీ వేరే చోటు కావాలి. మా ట్రక్కు, ట్రైలరు కలిపితే దాదాపు 43 అడుగులయింది. హైదరాబాదులో తిరిగే 12 మీటర్ల సిటీ బస్సు 40 అడుగులకు కాస్త తక్కువే. ఆ బస్సు కంటే పొడవైనదాన్ని, అదీ నడుమ విరిగి ఊగేదాన్ని, సందులోకి వెనక్కి నడపడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక ట్రైలరు అసలు పొడవు ఎంత అన్నదే మరొక చిక్కు. అద్దెకిచ్చిన సంస్థ మా ఒప్పందపత్రంలో 22 అడుగులని రాసింది. బండి అప్పగించిన రోజున అల్లుడిగారు టేపు తీసి, ట్రక్కుకు తగిలించే కప్లర్ మొన నుంచి వెనుక బిగించిన అదనపు చక్రం దాకా కొలిస్తే 26 అడుగులు దాటింది. వారు రాసినది లోపలి గది పొడవు. ముందు ఉండే త్రిభుజాకారపు ఇనుప చట్రాన్నీ, గ్యాసు సిలిండర్లనూ, వెనుక బంపరునూ వారు లెక్కించలేదు. చాలా మోడళ్ళ పేర్లలో కనిపించే సంఖ్య కూడా ఇలాంటిదే, అసలు పొడవు దానికంటే మూడు నాలుగు అడుగులు ఎక్కువ ఉండడం మామూలు. సంస్థవారు మొదట ఇది అందరికీ తెలిసిన సంగతే కదా అన్నట్లు మాట్లాడినా, అప్పర్ పైన్స్ పరిమితిని చూపించాక 23 అడుగులలోపు ఉన్న మరో ట్రైలరును ఇచ్చారు. అందులో మంచం చిన్నది, సోఫా పడుకోవడానికి ఇరుకు. అయినా నా ఉద్దేశంలో ముగ్గురు పెద్దలకు మించని కుటుంబానికి 22 నుంచి 24 అడుగుల మొత్తం పొడవే తగినది, ఆపైన పెరిగే ప్రతి అడుగూ ఏదో ఒక పార్కును మన జాబితాలోంచి తీసేస్తుంది. నలుగురు పెద్దవాళ్ళం సర్దుకొని ఉన్న మేము ఈ మాట అనడం కొంత విడ్డూరమే.

యోసెమిటీ స్థలాల బుకింగ్ దాదాపు అయిదు నెలల ముందు, ప్రతి నెలా 15వ తేదీన అక్కడి ఉదయం 7 గంటలకు, రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో మొదలవుతుంది. జూలై 15 తర్వాతి నెలరోజుల తేదీలకు ఫిబ్రవరి 15న తెరుస్తారు. చలికాలం కాబట్టి అప్పుడు హైదరాబాదులో రాత్రి 8:30 అవుతుంది, అక్కడ గడియారాలను గంట ముందుకు జరిపే వేసవి సమయం అమలులో ఉన్న నెలల్లోనైతే 7:30. అమెరికాలో పిల్లలు ఆఫీసుకు తయారయ్యే ఆ వేళ మనం ఇక్కడ భోజనం ముగించి తీరికగా ఉంటాము గనుక, పెద్దలు సాయపడగల పని ఇదొకటి. స్థలాలు నిమిషాల్లో అయిపోతాయి. అందువల్ల పొడవుకు సరిపోయే స్థలాల నంబర్లను ముందురోజే రాసుకొని కూర్చోవాలి. ఒక్కొక్క స్థలం వివరాల్లో గరిష్ఠ వాహన పొడవు, బండి నిలిపే దారి పొడవు, ముందుకు వెళ్ళి ముందుకే బయటికి రాగల పుల్-త్రూ స్థలమా లేక వెనక్కి నడిపి పెట్టవలసిన బ్యాక్-ఇన్ స్థలమా అన్నది రాసి ఉంటుంది. బ్యాక్-ఇన్ తప్పనిసరి అయితే, క్యాంపు దారులు చాలావరకు ఒకే దిశలో తిరుగుతాయి కాబట్టి, ఎడమవైపు స్థలాన్ని ఎంచుకోండి. అక్కడ డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు గనుక వెనక్కి వచ్చే ట్రైలరు వెనుక భాగం అతని కిటికీలోంచి నేరుగా కనిపిస్తుంది. కుడివైపు స్థలమైతే అద్దాన్నీ, వెనుక నిలబడి చేయి ఊపే మామగారినీ నమ్ముకోవలసిందే.

అప్పర్ పైన్స్‌లో మాకు దొరికినది ఎడమవైపు బ్యాక్-ఇన్ స్థలమే. చోటు అద్భుతం, సౌకర్యం స్వల్పం. యోసెమిటీ క్యాంపుల్లో ఎక్కడా కరెంటు, నీరు, మురుగు కలుపుకునే హుకప్‌లు లేవు. జనరేటరు ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 వరకే వాడాలి. మా శ్రీమతి పచ్చడి రుబ్బుకునే వేళలు కూడా దాని ప్రకారమే మారాయి, మొదటి రోజు సణిగినా మరునాటికి ఆ గంటలు ఆమెకే ముందు గుర్తుకు వచ్చేవి. ఎలుగుబంట్ల భయం వల్ల గుడారాలవారు తిండి పదార్థాలన్నీ ఇనుప పెట్టెల్లో దాచాలి. గట్టి గోడల ట్రైలరు ఉన్నవారు కిటికీలు మూసి లోపలే ఉంచుకోవచ్చు, ట్రక్కులో మాత్రం రాత్రిపూట ఆవకాయ సీసాను కూడా వదలకూడదు. మురుగు ట్యాంకు ఖాళీ చేసే డంప్ స్టేషన్ ఆ క్యాంపు దగ్గరే ఉంది, బయలుదేరే ఉదయం అక్కడ వరుస ఉంటుంది. ఇన్ని పరిమితులున్నా ఈ ప్రయాణంలో ఏ బస మళ్ళీ కావాలని అడిగితే నేను దీన్నే చెబుతాను. తలుపు తీస్తే హాఫ్ డోమ్ కొండ వైపు దారి, ఉచిత షటిల్ బస్సు నడిచే దూరంలో.

సెకోయాలో పరిమితి స్థలానిది కాదు, దారిది. దక్షిణపు ఫుట్‌హిల్స్ ద్వారం నుంచి పైకి వెళ్ళే జనరల్స్ హైవేలో, పొట్విషా క్యాంపు నుంచి జెయింట్ ఫారెస్ట్ మ్యూజియం వరకు, 22 అడుగులు దాటిన వాహనాలు వెళ్ళవద్దని పార్కు సూచిస్తుంది. ఇక్కడ లెక్క మొత్తం పొడవుదే కాబట్టి ట్రక్కుకు ఎంత చిన్న ట్రైలరు కట్టినా ఆ మలుపులు మనకు కావు. ఫోను చూపించే దగ్గరి దారి మాత్రం మామూలు కారు అనుకొని అటే తిప్పుతుంది. మేము ఫ్రెస్నో నుంచి 180వ నంబరు రహదారి మీదుగా ఉత్తరపు బిగ్ స్టంప్ ద్వారంలో ప్రవేశించి, లాడ్జ్‌పోల్ క్యాంపులో ట్రైలరును విప్పి, ఘనపరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్దదైన జనరల్ షెర్మన్ చెట్టు దగ్గరికి వేసవి షటిల్‌లో వెళ్ళాము.

దారిలో ఒక రాత్రి ప్రైవేటు ఆర్వీ పార్కులో (ట్రైలర్లు, మోటారు ఇళ్ళు నిలిపే చోటు) ఆగాము. కంకర పరిచిన పుల్-త్రూ స్థలం, వేడినీళ్ళు, బట్టలుతికే యంత్రాలు, పక్కవారి టీవీ మాటలు. అలసట తీర్చుకోవడానికి చాలు, అంతకు మించి చెప్పవలసినది లేదు.

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున రెండు క్యాంపుల మధ్య ఎంపిక ఉంటుంది. మేథర్ క్యాంపులో పరిమితి 30 అడుగులు, హుకప్‌లు లేవు, పైన్ చెట్ల నీడ దండిగా ఉంది. ట్రైలర్ విలేజ్‌లో కరెంటు, నీరు, మురుగు మూడూ కలుపుకోవచ్చు, 50 అడుగుల వరకు పట్టే పుల్-త్రూ స్థలాలున్నాయి. చవక కోరేవారికి, అడవిలో ఉన్నామన్న అనుభూతి కావాలనుకునేవారికి మేథర్ మేలు. మేము ట్రైలర్ విలేజ్‌నే తీసుకున్నాము. 43 అడుగుల బండిని విప్పకుండానే నిలిపి, తాగునీటి గొట్టం తగిలించి, ఏసీ వేసుకొని, వచ్చిన అరగంటలోనే అన్నం వండుకున్నాము. అక్కడ స్నానాలకు, బట్టలుతకడానికి కొంత దూరంలోని క్యాంపర్ సర్వీసెస్‌కు వెళ్ళాలి. స్థలాలు ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా ఉంటాయి గనుక ఏకాంతం తక్కువ, ఎల్క్ దుప్పులు మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా మధ్యలో మేస్తూ తిరుగుతాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఉన్న కుటుంబానికి అదనపు ఖర్చు దండగ కాదు.

జయాన్‌కు వెళ్ళేటప్పుడు వెడల్పు కూడా లెక్కలోకి వచ్చింది. తూర్పు ద్వారం నుంచి వచ్చే దారిలో 1930లో పూర్తయిన జయాన్ మౌంట్ కార్మెల్ సొరంగం ఉంది. 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గాని, 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గాని, అంతకు మించి గాని ఉన్న వాహనాలు సొరంగం మధ్యగా తప్ప పోలేవు కాబట్టి, ఎదురు రాకపోకలను ఆపి, రుసుము తీసుకొని వాటిని పంపే పద్ధతి చాలాకాలం నడిచింది. ఈ కొలతలకు మించిన పెద్ద వాహనాలను 2026 జూన్ 7 నుంచి వేరే దారులకు మళ్ళించాలని పార్కు నిర్ణయించింది. మా ట్రైలరు వెడల్పు 8 అడుగులు. అందువల్ల ఫ్రెడోనియా మీదుగా హరికేన్ పట్టణానికి చేరి, పడమటి వైపు స్ప్రింగ్‌డేల్ నుంచి ప్రవేశించాము. వాచ్‌మన్ క్యాంపులో కరెంటు ఉన్న స్థలాలున్నాయి, జనరేటర్లు నిషేధం. జూన్, జూలైలలో అక్కడి ఎండ మన మే నెలను గుర్తుకు తెస్తుంది కనుక, కరెంటు లేని స్థలాన్ని పెద్దవాళ్ళకు నేను సిఫారసు చేయను. స్ప్రింగ్‌డేల్ దుకాణాలకు, పార్కు షటిల్‌కు నడిచే వెళ్ళవచ్చు, ఆ విషయంలో మేము చూసినవాటిలో ఇదే అన్నిటికంటే అనుకూలం.

పిల్లలు డాలస్ వైపు ఉన్నవారు బిగ్ బెండ్ పార్కుకు వెళ్ళాలనుకుంటే, చిసోస్ బేసిన్‌కు దిగే దారిలో 24 అడుగులు దాటిన మోటారు ఇళ్ళు, 20 అడుగులు దాటిన ట్రైలర్లు వద్దన్న సూచనను ముందే చూసుకోవాలి. గ్లేసియర్ పార్కులోనైతే అది సూచన కూడా కాదు, నిషేధం. గోయింగ్ టు ద సన్ రోడ్డులో, అవలాంచ్ క్యాంపు నుంచి రైజింగ్ సన్ వరకు, బంపర్లతో కలిపి 21 అడుగులు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన ఏ వాహనాన్నీ వెళ్ళనివ్వరు. ట్రైలరును క్యాంపులో వదిలి ఒంటి ట్రక్కుతో వెళ్ళాలి. ట్రక్కు పొడవు కూడా కొలుచుకోవలసిన చోటు అది. ఇప్పటికే పెద్ద ట్రైలరుకు బయానా కట్టేసినవారు ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కును చూడవచ్చు. ఆ పార్కులో మూడు హుకప్‌లూ ఉన్న క్యాంపు అదొక్కటే, ఎలుగుబంట్ల కారణంగా గట్టి గోడల వాహనాలనే అనుమతిస్తారు. ఒప్పందంలోని అంకెను కాక కప్లర్ మొన నుంచి కొలిచిన పొడవునే అక్కడి బుకింగ్‌లోనూ రాయండి.