అంబాసిడర్ ఇంజన్‌కి హైలోమార్ వాడి ఎనిమిది నెలలయ్యాక

నాన్నగారి 1978 మార్క్ 3 అంబాసిడర్ ఇంజన్ దింపి మొత్తం పని చేయించి ఎనిమిది నెలలయింది, జాయింట్లలోంచి ఆయిల్ కారకుండా ఈసారి హైలోమార్ అనే పేస్టు వాడాం. ఇన్నాళ్లు ఆగి ఎందుకు రాస్తున్నానంటే ఆయిల్ కారుతుందా లేదా అనేది మొదటి వారంలో తెలీదు, ఎండాకాలం దాటాలి.

అంతకుముందు ఒక షెడ్డులో చేయించినప్పుడు ప్రతి జాయింటుకీ ఆరాక రబ్బరులా మారే సిలికాన్ పేస్టు దట్టంగా పూసేశారు. పైకి బాగానే కనిపించింది. ఈసారి ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ విప్పితే ఆయిల్ పంపు జాలీకి సేమ్యా ముక్కల్లాగా సిలికాన్ అతుక్కుని ఉంది! బోల్టు బిగిస్తే బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంత పొంగుతుంది కదా, అది ఊడి జాలీకి అడ్డంపడితే ప్రెషర్ పడిపోయి బేరింగులు పోతాయి. చూడగానే గుండె ఝల్లుమంది.

అందుకే హైలోమార్ బ్లూ తెప్పించా. ఇది రోల్స్ రాయిస్ వాళ్లతో కలిసి తయారుచేసిన పేస్టు, నీలం రంగు, ఎన్నాళ్లయినా ఎండి గట్టిపడదు, అదే దీని గొప్పతనం. పల్చగా రాసి ఓ పది నిమిషాలు వదిలేస్తే జిగురొస్తుంది, అప్పుడు బిగించాలి. వాటర్ పంపు, థర్మోస్టాట్, టైమింగ్ కవర్, జాయింట్ల మధ్య వేసే ఈ పేపర్ ప్యాకింగులన్నిటికీ ఇదే వాడాం. మూడు నెలలకి థర్మోస్టాట్ మళ్లీ విప్పాల్సొస్తే ప్యాకింగ్ చిరక్కుండా వచ్చేసింది, మిగిలింది అసిటోన్ గుడ్డతో తుడిచేశాం. అదే ఎండి గట్టిపడే పాతరకం షెల్లాక్ జిగురు అయితే బ్లేడు పెట్టి గీకాల్సిందే, గీకితే అల్యూమినియం మీద గాట్లు, మళ్లీ ఆ గాట్లలోంచే లీకు. కాకపోతే నేను అడిగిన షాపుల్లో ఎక్కడా దొరకలేదు, ఆన్‌లైనే గతి.

అలాగని సిలికాన్ అస్సలు వద్దనట్లేదు. చాంబర్‌లో పక్క ప్యాకింగూ, మెయిన్ బేరింగ్ క్యాప్ దగ్గరి కార్క్ పట్టీ కలిసే మూలల్లో సందు ఉంటుంది, అక్కడ హైలోమార్ చాలదు, బియ్యపు గింజంత అనబాండ్ 666 అనే సిలికాన్ పెట్టి ఒక రోజంతా ఆరాకే ఆయిల్ పోశాం. అంతకుముందే రేకు చాంబర్ బోల్టు కన్నాల చుట్టూ ఉబ్బిపోయిన చోట సుత్తితో చదును చేయించా, అది చెయ్యకపోతే ఏ పేస్టు పెట్టినా దండగే. కార్బ్యురేటర్, పెట్రోల్ పంపు దగ్గర మాత్రం సిలికాన్ పెట్టనివ్వకండి, పెట్రోల్ తగిలితే ఉబ్బి పాడైపోతుంది. హెడ్ గ్యాస్కెట్‌కి ఏమీ రాయలేదు, శుభ్రంగా తుడిచి పొడిగానే వేశాం. ఇంజన్ పైన ఉండే ట్యాపెట్ కవర్ కార్క్‌ని కవర్ వైపే అతికించి హెడ్ వైపు కాస్త గ్రీజు రాశాం, ట్యాపెట్లు సెట్ చేసినప్పుడల్లా కొత్త ప్యాకింగ్ కొనక్కర్లేదు.

హైలోమార్ బదులు లాక్‌టైట్ 518 అనే పేస్టు వాడొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. మంచిదే, కానీ అది గాలి తగలనిచోట రెండు నున్నటి లోహాల మధ్య గట్టిపడే రకం, మన బండి రేకు కవర్లకీ కార్క్‌కీ పనికిరాదు.

ఇప్పుడు ముందువైపు, పక్కల అంతా పొడిగా ఉంది. వెనక క్లచ్ హౌసింగ్ కింద మాత్రం రాత్రికి ఒకటి రెండు చుక్కలు. ఈ 1489 సీసీ ఇంజన్‌కి క్రాంక్ వెనక రబ్బరు సీలే లేదు, క్రాంక్ మీద మరలాంటి గాడి ఆయిల్‌ని తిరిగి ఇంజన్ లోపలికి తోస్తుంది అంతే, అందుకని అక్కడ ఇంకాస్త సిలికాన్ పెడతాం సార్ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ముందు ఇంజన్ లోపలి ఒత్తిడి బయటికి పోయే బ్రీదర్ పైపు విప్పించి కడిగించండి, అది మూసుకుపోతే ఆ ఒత్తిడే ఆయిల్‌ని బయటికి తోస్తుంది, మాకు దాంతోనే చుక్కలు సగానికి తగ్గాయి.