బోనఫైడ్ కోసం పోయి మా పాత బడికి నాలుగు స్టార్లు ఇచ్చొచ్చిన

సర్కారు ప్రైమరీ బడికి రివ్యూ ఏంది అని నవ్వకుర్రి. నాకంటె ముందు ఎవరో ఒకాయన కారు పెట్టనీకె జాగ లేదని ఒక్క స్టార్ ఇచ్చి పోయిండు, అది చూసి కడుపు మండి కూసోని రాస్తున్న. నల్లగొండల లతీఫ్ సాబ్ గుట్ట కనపడే దిక్కున ఉంటది, ఒకటి నుంచి ఐదు దాక, నేను 1994ల చేరి 1999ల బయటికొచ్చిన. బడి పేరు మాత్రం రాయను, ఎందుకో కింద మీకే తెలుస్తది.

పోయిన పని బోనఫైడ్. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినకాడికెంచి కొలువులకు లోకల్ అనిపించుకోవాలంటే ఒకటి నుంచి ఏడు దాక ఏడ చదివినవో కాయితం చూపియ్యాలె కదా, అంతకుముందు నాలుగు నుంచి పది దాక చూసేటోళ్లు, అందుకని ఒకటో తరగతి బడితో నాకు మళ్లా పని పడ్తదని కలల గూడ అనుకోలే. హెచ్చెం మేడమ్ ఏ సంవత్సరమని అడిగి, ఇనుప బీరువాల అడుగు అరకెంచి బైండు ఊడిపోయిన అడ్మిషన్ రిజిస్టర్ తీసింది, దుమ్ము దులిపి వేలు పెట్టి ఒక్కో వరుస జరుపుకుంట పోతే ఇరవై నిమిషాలల్ల నా పేరు దొరికింది. విసుక్కోలే, రేపు రా అనలే. సర్వీసుకైతే ఫుల్ మార్కులు.

ఆ పేజీ చూస్తే నవ్వాగలే. నా పైనోడు జూన్ 5న పుట్టిండు, కిందామె జూన్ 10, నేను జూన్ 15. మా అమ్మ లెక్కన నేను పుట్టింది బతుకమ్మ పండుగ ముంగట. బడి తెరిచే నాటికి ఐదేండ్లు నిండాలె కాబట్టి మా పెద్దసారు క్లాసు క్లాసునంత జూన్‌ల పుట్టిచ్చిండు. పుట్టిన కాయితాలు ఎవరికున్నయ్ అప్పుడు, కుడిచెయ్యి తల మీదికెంచి తెచ్చి ఎడమ చెవు పట్టుకొమ్మనేటోళ్లు, అందితే ఐదేండ్లు నిండినట్టే. నేనేమో ఎడమ చెయ్యి లేపి కుడి చెవు పట్టుకున్న. పెద్దసారు నవ్వి, ఓరి పుర్రచేతోడా అనుకుంట పేరు రాసుకున్నడు.

ఆ నవ్వు ఆడికే అయిపోయింది. ఒకటో తరగతి సారుకు నా ఎడమ చేతిల బలపం కనపడితే చాలు, మెటికల మీద స్కేలు నిలువుగ పట్టి కొట్టేటోడు. ఒకనాడైతే తన దస్తీతోనే నా ఎడమ చెయ్యి నడుం ఎనకకు కట్టి పలక ముంగట కూసోబెట్టిండు, ఒంటికి బెల్లు కొట్టినా ఇప్పలే, తర్వాత నేను ఏం చేసుకున్ననో రాయను, పోరలంత చూసి నవ్విండ్రు అంతే. ఇంటికి పోయి చెప్తే మా నాయన సారు నీ మంచికే కొట్టిండు అన్నడు, ఆ కాలంల అందరి నాయనలు అదే మాట. ఇప్పుడు నేను రాసేది కుడిచేత్తో, బ్యాట్ పట్టేది ఎడమచేత్తో, బ్యాంకుల సంతకం కలుస్తలేదని రెండోసారి పెట్టుమంటరు. ఒక స్టార్ కోసింది దీనికే. ఆయన మంచోడు కాదని నేననను, ఇరవై ఎక్కం దాక నిద్రల లేపినా చెప్తనంటె ఆయన పుణ్యమే, కాని దస్తీ ముడి గూడ అంతే గుర్తుంది.

మిగిలిన నాలుగు స్టార్లల్ల రెండు అచ్చంగ మూడో తరగతి మేడమ్‌వి. ఒక శనివారం మమ్మల్నందర్ని లైను కట్టిచ్చి పానగల్లు దాక నడిపిచ్చుకపోయింది, మూడు నాలుగు కిలోమీటర్లు ఉంటది, సద్ది డబ్బలు చేతుల్ల, సగం మందికి చెప్పుల్లేవు. ఛాయా సోమేశ్వరం గుడి మీకెర్కే, గర్భగుడిల లింగం మీద పొద్దంత నీడ ఉంటది, పొద్దు జరిగినా అది జరగది. మేడమ్ మమ్మల్ని మండపంల నిలబెట్టి, ఆ నీడ ఏ స్తంభానిదో చెప్పుర్రి అన్నది. ఇగ చూడాలె, ఇది అంటే ఇది అని కొట్లాట, ఒకడు ఒక స్తంభాన్ని కావలిచ్చుకొని నాదే నాదే అని వదలడు, ఇంకోడు కింద పండుకొని ఒక కన్ను మూసి చూస్తుండు. ఆమె మాత్రం గట్టు మీద కూసోని సద్ది తినుకుంట నవ్వుతనే ఉంది, జవాబు చెప్పలే. తెల్లారి అడిగినా చెప్పలే, ఆలోచించుకోర్రి అన్నది. ఎండ లోపలికి నేరుగ పడదని, బయటి వెలుతురు చెదిరి స్తంభాల నడుమకెంచి వస్తదని, అందుకే ఆ నీడ ఒక్క స్తంభానిది కాదని నాకు అర్థమయ్యేసరికి డిగ్రీలకొచ్చిన. ఇప్పుడు ఫీజులు తీసుకునే బడులల్ల ప్రాజెక్ట్ అని అట్టముక్కలు కొనిపిస్తరు, అమ్మనాయన రాత్రి పన్నెండుదాక కూసోని అతికిస్తరు.

బోరింగు నీళ్లు తాగొద్దని కొట్లాడేది గూడ ఆమెనే. ఇంటికెంచి తెచ్చిన సీసలకెంచి మూతకు ఇంత అని పోసేది, అరవై మందికి ఏం సరిపోతది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే ఫ్లోరిన్ పండ్ల మీద గీతలు గీస్తదని మాకప్పుడు ఏం తెల్సు. మర్రిగూడ, మునుగోడు దిక్కుకెంచి వచ్చి చుట్టాలిండ్లల్ల ఉండి చదివేటోళ్లకు మరీ ఎక్కువ ఉండె. ఐదో తరగతి గ్రూప్ ఫొటో నా దగ్గరుంది, ఫొటో తీసేటాయన నవ్వుర్రి నవ్వుర్రి అన్నందుకు ముప్పై ఎనిమిది మందిమి పెదాలు బిగబట్టినం.

బడిల పగటన్నం వండి పెట్టుడు మా కాలంల లేదు, అది 2003ల మొదలైంది. మాకు నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేటోళ్లు, 80 శాతం హాజరుంటెనే. అందుకని జరమొచ్చినా మా అమ్మ నన్ను బడికి తోలేది. ఒకసారి సంచికి చిల్లు పడి ఇంటిదాక బియ్యం గీత గీసుకుంట పోయిన, ఎనక కోళ్లు వస్తుంటే నాకు తోడొస్తున్నయనుకున్న.

ఇప్పుడెట్లుంది అంటే, గోడలకు రంగులేసిండ్రు, నల్లా ఉంది, బాత్రూంలు ఉన్నయి గాని ఒకదానికి గొళ్లెం లేదు, అది చూసుకోవాలె మేడమ్. పోరలే తక్కువైండ్రు, మా కాలంల ఒక్క క్లాసుల ఉన్నంత మంది ఇప్పుడు బడి మొత్తం లేరు. కాయితం మీద ముద్ర పడేదాక వరండల నిలబడితే ఒకటో తరగతి కనపడ్డది. కిటికీ పక్కన ఒక పిల్ల ఎడమచేత్తో రాస్తుంది, నాలుక బయటపెట్టి, బుక్కు పక్కకు తిప్పుకొని. టీచర్ వచ్చి చూసింది, వంగి ఏదో అక్షరం దిద్దింది, పోయింది. చెయ్యి సంగతి ఎత్తనే లే.

బోనఫైడ్‌కు పోయేటోళ్లు పదిన్నరకు పోర్రి, అన్నం టైముల పోతే మేడమ్ వడ్డన కాడ ఉంటది. ఆధార్ జిరాక్స్, చేరిన సంవత్సరం రాసుకొని పోతే పని తొందరగైతది. కారైతే రోడ్డు మీద పెట్టి నాలుగడుగులు నడువుర్రి, ఏం కాదు. గేటు కాడ జామకాయలామె ఉంటది, ఉప్పుకారం అడిగినంత పెడ్తది, ఫోన్‌తో పైసలు కొట్టుడు నడవది, చిల్లర పట్టుకపోర్రి.