బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్: తేడా ఎక్కడ?

కాశ్మీర్, హిమాచల్ వాగుల్లోని ఈ రెండు చేపలూ బయటినుంచి తెచ్చినవే. బ్రౌన్‌ది యూరప్, రెయిన్‌బోది పసిఫిక్ తీరం.

దగ్గరగా చూస్తే గుర్తుపట్టడం తేలిక. బ్రౌన్ ఒంటిమీద నల్లమచ్చలతో పాటు ఎర్రమచ్చలు, వాటి చుట్టూ లేత వలయాలు ఉంటాయి. తోకమీద మచ్చలు చాలా తక్కువ. రెయిన్‌బోకి పక్కన పొడవునా గులాబీ చార, తోకనిండా నల్లచుక్కలు. అన్నట్టు, 1989లో రెయిన్‌బోను పసిఫిక్ సాల్మన్ల ప్రజాతిలోకి మార్చారు. బ్రౌన్ మాత్రం అట్లాంటిక్ సాల్మన్‌తోనే ఉండిపోయింది.

రెండింటికీ చల్లటి, పారే నీళ్లే కావాలి.

పెంపకానికైతే రెయిన్‌బోనే మేలు. మేతకు త్వరగా అలవాటుపడుతుంది, తొందరగా ఎదుగుతుంది. బ్రౌన్‌కి బెదురెక్కువ, గాలానికి ఓ పట్టాన చిక్కదు. గాలం వేసేవాళ్లకు అదంటే అంత మోజు అందుకే. నా ఓటూ దానికే.