గింప్‌లో కలర్ టు ఆల్ఫా: రెండేళ్లు వాడాక

రెండేళ్లుగా మా శనివారం రోల్‌ప్లేయింగ్ ఆటకి టోకెన్లన్నీ, అంటే మ్యాప్ మీద పాత్రల్ని చూపించే చిన్న బొమ్మలన్నీ, నేనే చేస్తున్నాను. తెల్ల కాగితం మీద బొమ్మ గీసి, రంగులు వేసి, ఫోన్‌తో ఫొటో తీసి, బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, ఆన్‌లైన్‌లో ఇలాంటి ఆటలు ఆడుకునే రోల్‌ట్వంటీ సైట్‌లోకి ఎక్కిస్తాను. బొమ్మ గీయడం కన్నా ఆ బ్యాక్‌గ్రౌండ్ తీయడమే నన్ను ఎక్కువ ఏడిపించింది. మొదట్లో ఒక వెబ్‌సైట్ వాడేవాణ్ని. బల్లెం మొనలు, జుట్టు కొసలు కోసేసేది. మిగిలిన బొమ్మ చుట్టూ సన్నటి తెల్ల అంచు. చీకటి గుహ మ్యాప్ మీద పెట్టగానే అది సుద్దముక్కతో గీసినట్టు కొట్టొచ్చినట్టు కనిపించేది.

గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, కలర్స్ మెనూలో ఉన్న కలర్ టు ఆల్ఫా ఆ బాధ తీర్చింది. ఇది పిక్సెల్‌ని ఉంచడమా తీసేయడమా అని చూడదు. అందులో తెలుపు ఎంత కలిసి ఉందో చూసి, ఆ మేరకే పారదర్శకం చేస్తుంది. అంచున ఉన్న బూడిద రంగు కాస్తా సగం పారదర్శకమైన నలుపవుతుంది. ఇక ఏ మ్యాప్ మీద పెట్టినా అంచు అందులో కలిసిపోతుంది.

దీని అసలు సత్తా ఒక దయ్యంతో తెలిసింది. పలచటి నీలం వాటర్ కలర్ నీళ్లలా పూసి గీశాను. కలర్ టు ఆల్ఫా నొక్కి, పాత కోట మ్యాప్ మీద పెట్టాను. డాలస్ నుంచి ఆడే మా పిన్ని కొడుకు "అన్నయ్యా, దయ్యంలోంచి నేల కనిపిస్తోంది!" అని అరిచాడు. నిజంగానే ఆ నీలంలోంచి రాతిపలకల సందులు కనిపిస్తున్నాయి. కుంచె ఆగిన చోట చిక్కగా, జారిన చోట పలచగా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

ఒక్క క్లిక్కుతో పని అయిపోతుందని అందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు అనను. తర్వాతి నెల ఊరి మునసబుని గీశాను. తెల్ల పంచె, తెల్ల మీసం, అంటే రంగు వేయని కాగితమే. అవన్నీ మాయమై, పంచె ఉండాల్సిన చోట నేల కనిపించింది. నేను గమనించేలోపే మావాళ్లు ఆయన్ని దయ్యం అనుకుని కత్తులు దూశారు. అంతకుముందు చేసిన రాక్షసులూ దొంగలూ ముదురు పోస్టర్ రంగులు కాబట్టి ఈ సంగతి బయటపడలేదు. మూడు వారాలు ఆలోచించి పెట్టుకున్న కథ మార్చి, ఆయన్ని నిజంగానే దయ్యాన్ని చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు ముందు లెవెల్స్ అనే టూల్‌లో, 'ఇదే అసలు తెలుపు' అని చూపించే తెలుపు డ్రాపర్‌తో కాగితం మీద నొక్కుతాను. ఫోన్ ఫొటోలో కాగితం ఎప్పుడూ పచ్చగానో నీలంగానో ఉంటుంది మరి. తర్వాత ఒకే రంగున్న చోటుని ఎంచుకునే ఫజ్జీ సెలెక్ట్‌తో బొమ్మ బయటి తెలుపు పట్టుకుని, సెలెక్షన్‌ని 2 పిక్సెళ్లు లోపలికి పెంచి, అక్కడే కలర్ టు ఆల్ఫా వాడతాను. పంచె పంచెలాగే ఉంటుంది, అంచూ శుభ్రంగా వస్తుంది. దయ్యాలకి మాత్రం బొమ్మ మొత్తం మీద. ఎక్స్‌పోర్ట్ పీఎన్‌జీలోనే, జేపెగ్‌లో పారదర్శకత నిలవదు.

కిటికీ దగ్గర పగటి వెలుగులో ఫొటో తీస్తేనే ఇదంతా. ట్యూబ్‌లైట్ కింద తీస్తే మూలన పడ్డ నీడ పొగలా మిగిలిపోతుంది. చేత్తో, తెల్ల కాగితం మీద గీసుకునే నాలాంటివాళ్లకి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. రంగురంగుల బ్యాక్‌గ్రౌండ్ ఉన్న బొమ్మలు దించుకుని వాడేవాళ్లకి ఇది పెద్దగా పనికిరాదు, వాళ్లు అక్కర్లేని భాగాల్ని దాచే లేయర్ మాస్క్‌తో ఓపిగ్గా చెక్కుకోవాల్సిందే.