అనంతగిరిలో 1,800 పోయాయి, జిగురు మొక్క దొరికింది

మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. పురుగుల్ని పట్టి తినే డ్రోసెరా మొక్కని బొమ్మలో కాదు, నేలమీద చూడాలని ఏడాదిగా ఒకటే గొడవ. అందుకే డిసెంబరులో వైజాగ్ నుంచి అనంతగిరి వెళ్ళాం. కారుకి రానుపోను 4,200. ఘాట్ రోడ్డు, బొర్రా గుహలు హాయిగా గడిచిపోయాయి.

ఒళ్ళు మండింది బస దగ్గర. గది 3,200. పొద్దున వేడినీళ్ళు రాలేదు, అది సర్దుకున్నాం. కానీ "అడవి నడక, అరుదైన మొక్కలు" అని మనిషికి 600 చొప్పున ముగ్గురికి 1,800 ముందే కట్టించుకున్నారు. తీరా చూస్తే తారురోడ్డు మీద ఇరవై నిమిషాలు నడిపించి, కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు చూపించి, కాఫీపొడి కొట్టు ముందు నిలబెట్టారు. డ్రోసెరా సంగతి అడిగితే, "అవి ఈ టైంలో ఉండవు మేడమ్" అన్నాడు మమ్మల్ని నడిపించిన కుర్రాడు. అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా ఆయన మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

టీ బడ్డీ దగ్గర అమ్మాయి ఫోన్లో ఫొటో చూపించగానే బడ్డీ నడిపే పెద్దావిడ, "జిగురు మొక్కా? గెడ్డ పైన చెమ్మలో ఉంటాది, రా అమ్మా" అని పొయ్యి ఆర్పి మరీ తీసుకెళ్ళింది.

చెట్లు పల్చబడి ఎండ నేలదాకా పడే వాలు అది. రాళ్ళ సందుల్లోంచి ఊట సన్నగా జారుతోంది. గడ్డి మధ్య రూపాయి బిళ్ళంత ఎర్రని మొక్కలు, ఆకు నిండా వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొనన తేనెబొట్టు లాంటి జిగురు. ఒక చిన్న దోమ వాలింది. అంచు వెంట్రుకలు మా కళ్ళముందే, కొన్ని సెకన్లలో, లోపలికి ముడుచుకున్నాయి. అమ్మాయి తడినేల మీదే బోర్లా పడుకుని చూసింది.

నిత్యం పారే ఊట నేలలోని సారాన్ని కడిగేస్తుంది, మట్టి పులుస్తుంది. అలాంటిచోట మిగతా మొక్కలు ఏపుగా పెరగలేవు. డ్రోసెరా తనకి కావాల్సిన నైట్రోజన్‌ని పురుగుల నుంచి తెచ్చుకుంటుంది. చెట్లు గుబురై నీడ కమ్మినా, పైన ఊటని మళ్ళించినా దీనికి బతుకు లేదు. దయచేసి పీకి తేవద్దు, మన బోరునీళ్ళకి చచ్చిపోతుంది. బూట్లతో ఊటలోకి దిగకండి, పక్క బండ మీద నుంచి చక్కగా కనబడుతుంది. ఆ ఊటలో నాలుగు ప్లాస్టిక్ గ్లాసులు తేలుతుంటే ప్రాణం ఉసూరుమంది. ఏరి బ్యాగులో వేసుకున్నాం.

ఎంత బతిమాలినా ఆవిడ డబ్బు తీసుకోలేదు. మూడు టీలకి 45 మాత్రం తీసుకుంది. బడ్డీ వెనక గది ఉందట, రోజుకి 700. వచ్చే డిసెంబరుకి ఆ గది మాకే ఉంచమని మా ఆయనే చెప్పి వచ్చారు.