జేబులో గాలి మీటరు: నాలుగు చలికాలాల వాడకం తర్వాత

2021 నవంబరులో నేను కొన్న ఈ మీటరు సబ్బు పెట్టె అంత ఉంటుంది. గాలిలోని పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి ఘనపు మీటరుకు ఎన్ని మైక్రోగ్రాములు ఉందో చిన్న తెర మీద చూపిస్తుంది. అప్పట్లో దీనికి 7,000 రూపాయల లోపే అయింది. హైదరాబాదులో చాలా ఏళ్లుగా దూరపు పరుగులు తీస్తూ, ఒక బడి మైదానంలో పాతికమంది పిల్లలకు 800, 1,500 మీటర్ల పరుగులు నేర్పుతున్న నేను దీన్ని నాలుగు చలికాలాలు రోజూ జేబులో వేసుకుని తిరిగాను. కొన్న వారానికే రాసిన సమీక్షలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇది ఫ్యాను ఒకసారి మార్చి, బ్యాటరీ సగానికి పడిపోయి, దీని తిక్క ఏమిటో పూర్తిగా తెలిసిన తర్వాత రాస్తున్నది.

ముందుగా ఇది నాకు చేసిన మేలు చెబుతాను, ఎందుకంటే మిగతా లోపాలన్నిటినీ ఆ ఒక్కదాని కోసమే భరించాను. తెల్లవారుజాము గాలి మందు లాంటిదని మా అమ్మ చెప్పేది, మా పీటీ మాస్టారు చెప్పేవారు, నేనూ నా పిల్లలకు అదే చెబుతూ వచ్చాను. అయిదున్నరకల్లా మైదానంలో ఉండనివాడు అథ్లెటే కాడన్నంత పట్టుదల నాది. మీటరు చేతికొచ్చిన మొదటి వారంలోనే ఆ నమ్మకానికి బీటలు వారాయి. డిసెంబరులో ఉదయం ఆరు గంటలకు 95, 110 చూపించిన మైదానంలోనే సాయంత్రం నాలుగు గంటలకు 35, 40 చూపించేది. మొదట మీటరు చెడిపోయిందనుకున్నాను. నెల రోజులు రెండు పూటలా నోటుపుస్తకంలో రాసుకుని చూస్తే నాలుగైదు రోజులు తప్ప ప్రతిరోజూ అదే వరుస కనబడింది.

కారణం కొత్తదేమీ కాదు, చిన్నప్పుడు భూగోళశాస్త్రంలో చదివిన ఉష్ణోగ్రత విలోమమే. చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, దానికి ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి కిందనే ఉండిపోతుంది, దాని పైన వెచ్చని పొర మూత వేసినట్లు పరుచుకుంటుంది. రాత్రంతా లారీలు వదిలిన పొగ, చెత్త కుప్పల పొగ, పొయ్యిల పొగ ఆ మూత కిందనే చేరి, ఎండ బాగా ఎక్కి నేల వేడెక్కేదాకా అక్కడే తిరుగుతుంటాయి. మధ్యాహ్నానికి గాలి పైకి కిందికి కలిసిపోయి అంకె దిగుతుంది, రాత్రి ఎనిమిది దాటాక మళ్లీ ఎక్కడం మొదలవుతుంది. అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నగరంలో పరుగు పందేలన్నీ ఏ వేళకు పెట్టుకున్నామో, ఆ వేళకే గాలి అన్నిటికంటే చెడుగా ఉంటుంది.

మామూలుగా కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా పరుగెత్తే పెద్దవాడు వంద లీటర్లు దాటిపోతాడు, అదీ ముక్కుతో కాదు, నోటితో. ముక్కులోని వెంట్రుకలూ తడీ కొంత దుమ్మును పట్టేస్తాయి, నోటికి ఆ సదుపాయం లేదు. పీఎం 2.5 అంటే తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుకు మించని కణాలు కాబట్టి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా చేరతాయి. ఒకే గాలిలో ప్రేక్షకుడు, పరుగెత్తేవాడు పక్కపక్కనే ఉన్నా ఇద్దరికీ అందే మోతాదు ఒకటి కాదు. పిల్లల విషయం ఇంకా కష్టం, ఒంటి బరువుతో పోలిస్తే వాళ్లు పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు.

ఫోనులో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్ ఉండగా వేరే మీటరు ఎందుకని నన్ను చాలామంది అడిగారు. ఆ యాప్‌ను నేనూ రోజూ చూస్తాను. కానీ అందులోని గాలి నాణ్యత సూచీ పీఎం 2.5 విషయంలో 24 గంటల సగటు మీద లెక్కకట్టినది. నిన్న మధ్యాహ్నపు మంచి గాలి, ఈ ఉదయపు చెడ్డ గాలి అందులో కలిసిపోయి 'మధ్యస్థం' అని కనబడుతుంది. ఊరికి ఆరోగ్య సూచనగా అది సరైన పద్ధతే, ఆరున్నరకు తుపాకీ పేల్చి మొదలుపెట్టే పందేనికి మాత్రం అది చాలదు. పైగా కొలిచే కేంద్రం సనత్‌నగర్‌లోనో, జూపార్కు దగ్గరో, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోనో ఉంటుంది, నా మైదానంలో ఉండదు. మన దేశపు ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు 60 మైక్రోగ్రాములు మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15 మాత్రమే. ఆ 15ను నేను మా మైదానంలో చూసింది ఆగస్టు, సెప్టెంబరు వానల తర్వాతే.

ఇక లోపాలు. దీని లోపల ఒక చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, ఒక లేజరు కిరణం ఆ గాలి మీద పడుతుంది, కణాలు చెదరగొట్టిన వెలుగును బట్టి బరువును అంచనా కడుతుంది. అంచనా అనే మాటను గుర్తుపెట్టుకోవాలి. మంచు కురిసే ఉదయాల్లో నీటి తుంపరలను కూడా ఇది ధూళి కిందే లెక్కేస్తుంది. ఒక జనవరి ఉదయం 310 చూపిస్తే శిక్షణ ఆపేసి పిల్లలను ఇంటికి పంపాను, గంట తర్వాత మంచు విడిపోగానే 120కి దిగింది. 120 కూడా తక్కువేమీ కాదు కానీ, 310 మాత్రం నిజం కాదు. ప్రభుత్వ కేంద్రాల యంత్రాలు లాగిన గాలిని ముందు వేడిచేసి తేమ తీసేస్తాయి కాబట్టి వాటికి ఈ తిప్పలు తక్కువ. రెండో లోపం, రోడ్డు మీద లేచే ముతక దుమ్మును ఇది సరిగా పట్టదు. కళ్లలో దుమ్ము పడుతున్నా తెర మీద 45 అని ప్రశాంతంగా చూపిస్తుంది. ముతక దుమ్మును కూడా కలిపి పీఎం 10 అని ఇంకో అంకె ఇస్తుంది గానీ దాన్ని నేను పట్టించుకోవడం మానేశాను. ఎండలో పొగల నుంచి పుట్టే ఓజోను వాయువును ఇది అసలు కొలవదు, మే నెల మధ్యాహ్నాల్లో ఛాతీ మండినప్పుడు ఇది ఏమీ చెప్పలేదు.

మూడో చలికాలానికి ఫ్యాను చప్పుడు చేయడం మొదలుపెట్టింది, అంకెలు కూడా మెల్లగా తగ్గుతూ వచ్చాయి. గాలి బాగుపడిందని సంతోషించాను గానీ అది ఎంతో సేపు నిలవలేదు, విప్పి చూస్తే ఫ్యాను రెక్కల మీద నల్లని నూగు గడ్డకట్టి ఉంది. ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఫ్యాను మార్పించి, మెత్తని కుంచెతో దులిపించాక మళ్లీ దారిలోకి వచ్చింది. అప్పటి నుంచి ఏడాదికి రెండుసార్లు సనత్‌నగర్ కేంద్రానికి దగ్గర్లో రోడ్డు మీద గంటసేపు దీన్ని పట్టుకుని నిలబడి, ఆ గంటకు ఆ కేంద్రం నమోదు చేసిన పీఎం 2.5 అంకెతో పోల్చుకుంటున్నాను. పొడి వాతావరణంలో నాది దాదాపు నాలుగో వంతు ఎక్కువ చూపిస్తుంది, ఆ మేరకు తగ్గించుకుని చదువుతాను. ఈ పని చేసే ఓపిక లేనివారు దీని జోలికి పోకపోవడమే మంచిది.

రెండేళ్ల క్రితం డిసెంబరులో ఒక అంతర పాఠశాలల అథ్లెటిక్ మీట్‌కు మా పిల్లలను తీసుకెళ్లాను. 800 మీటర్ల హీట్లు, అంటే తొలి వడపోత పరుగులు, ఆరున్నరకు. మైదానం గోడ అవతల ఎండుటాకులూ ప్లాస్టిక్ కవర్లూ కలిపి ఎవరో అంటించారు, ఇవతల స్టార్టింగ్ లైను పక్కనే మైకు కోసం పెట్టిన డీజిల్ జనరేటరు. లైను దగ్గర నా మీటరు 280 చూపించింది, వంద మీటర్ల అవతల మలుపు దగ్గర 130. మంచు లేదు, కాబట్టి అంకెను అనుమానించడానికి వీలు లేదు. జనరేటరును జరిపించండి, హీట్లు రెండు గంటలు వెనక్కి వేయండి అని నిర్వాహకులను అడిగాను. "సార్, మీటరు మీది, టైము మాది కాదు. ముఖ్య అతిథి ఎనిమిదింటికే వస్తున్నరు" అన్నారు ఒకాయన, చిరాకేమీ లేకుండానే. మా తొమ్మిదో తరగతి అమ్మాయికి ఉబ్బసం ఉంది, ఇన్‌హేలరు వాడాకే బరిలో దిగింది. రెండో ల్యాపు సగంలో దగ్గు తెరలు తెరలుగా వచ్చి ట్రాక్ లోపలి గడ్డి మీద కూర్చుండిపోయింది. పొగ వల్లేనని నేను రుజువు చేయలేను, ఆ రోజు చలి కూడా ఎక్కువే. కానీ పరిగెత్తనివ్వడమా, పక్కన కూర్చోబెట్టడమా అన్న నిర్ణయం నాది, 280 అని చూసిన తర్వాత కూడా నేను పరిగెత్తనిచ్చాను. ఆ సంగతి ఈ మీటరు మీద ఫిర్యాదు కాదు, నా మీదే.

గోడ అవతల ఆకులు అంటించిన పారిశుద్ధ్య కార్మికురాలికి తర్వాత ఈ అంకె చూపించాను. "ఆకులు ఎత్తుకపోయే బండి రాదు సార్, కుప్ప అట్లనే ఉంటే నాకే మాట పడ్తది" అంది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను.

ఢిల్లీ సంగతి వేరు. 2017 నవంబరు 19న అక్కడి హాఫ్ మారథాన్‌ను వాయిదా వేయమని భారత వైద్య సంఘం కోరినా పరుగు జరిగింది, మాస్కులతో పరుగెత్తినవారి ఫోటోలు అన్ని పత్రికల్లోనూ వచ్చాయి. పక్షం రోజులు తిరక్కుండానే ఫిరోజ్ షా కోట్లా టెస్టులో శ్రీలంక ఆటగాళ్లు మాస్కులు కట్టుకుని ఫీల్డింగ్ చేశారు. మరుసటి ఏడాది నుంచి ఆ హాఫ్ మారథాన్ అక్టోబరుకు జరిగింది, కోవిడ్ వచ్చిన 2020లో తప్ప. నెల రోజులు ముందుకు జరపడం చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, పొలాల్లో కాల్చే కొయ్యకాళ్ల పొగ, దీపావళి టపాసులు, చలికాలపు మూత మూడూ కలిసే రోజులను అది చాలావరకు తప్పించుకుంటుంది. నేను ఒక నవంబరులో ఢిల్లీలోని ద్వారకలో తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు ఉదయం బాల్కనీలో నా మీటరు 420 చూపించింది. బూట్లు విప్పేసి మళ్లీ పడుకున్నాను. ఎన్95 మాస్కు పెట్టుకుని ఇక్కడ ఒకసారి పరుగెత్తి చూశాను, మెల్లగా పోతే సరేగానీ వేగం పెంచితే పావుగంటకే చెమటకు తడిసి ముఖానికి అతుక్కుపోయింది. పందేనికి అది పనికిరాదు.

హైదరాబాదు మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. ఉక్కపోత గురించి ఏటా అందరం సణుగుతాం, నేనూ సణిగేవాణ్ణి. ఇప్పుడు సణగడం తగ్గించాను, నా పుస్తకంలో ఆ నెల అంకెలు 15, 20 దగ్గరే ఉంటాయి. ఉక్క కనబడే శత్రువు, నీళ్లు తాగి వేగం తగ్గించి దానితో బేరం పెట్టుకోవచ్చు.

కొనాలా వద్దా అని అడిగితే, ఒంటరిగా ఆరోగ్యం కోసం నడిచేవారికి అవసరం లేదని చెబుతాను. చలికాలంలో నడకను సాయంత్రానికి మార్చుకుంటే దీని ఉపయోగంలో ముప్పావు వంతు ఉచితంగానే అందుతుంది. పిల్లలకు శిక్షణ ఇచ్చేవారు, చిన్న పోటీలు నిర్వహించేవారు మాత్రం ఒకటి ఉంచుకోవచ్చు. జనరేటరు ఎక్కడ పెట్టాలి, స్టార్టింగ్ లైను ఏ గోడకు దూరంగా ఉండాలి అనే ప్రశ్నలకు ఏ యాప్ జవాబివ్వదు, ఇది అయిదు నిమిషాల్లో చూపిస్తుంది. మా బడి వార్షిక మీట్‌ను కిందటేడు మధ్యాహ్నం మూడు గంటలకు మార్చాం. ఎండ ఎక్కువని తల్లిదండ్రులు కొందరు గొణిగారు, సాయంత్రం వెలుగు చాలక చివరి రిలేను హడావుడిగా ముగించాం. మీటరు బ్యాటరీ ఇప్పుడు రెండు గంటలకు మించి రావడం లేదు కాబట్టి, పవర్ బ్యాంకు తగిలించి టైమ్‌కీపర్ల బల్ల మీద పెట్టాను. రిలే మొదలయ్యేటప్పటికి అది 52 చూపిస్తోంది.