జీఐ బిల్‌తో స్కాట్లాండ్‌లో మాస్టర్స్: జూన్‌లో ఆగిపోయిన అలవెన్సు

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికి వచ్చినవారికి, వాళ్ల చదువు ఖర్చును ప్రభుత్వం భరించే జీఐ బిల్ అనే చట్టం గురించి నేను కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు. 36 నెలల చదువు, ఫీజు, పుస్తకాలకు ఏడాదికి వెయ్యి డాలర్ల దాకా సాయం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను రాయదలచుకున్నది హౌసింగ్ అలవెన్సు గురించి, అంటే చదువుకునే కాలంలో ఇంటి ఖర్చుకు నెలనెలా ఇచ్చే డబ్బు గురించి. దేశం దాటి చదువుకున్నప్పుడు ఆ అలవెన్సు ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఆగిపోతే మనిషి ఏ స్థితిలో పడతాడు అన్నదే నా విషయం. డిగ్రీ న్యూజెర్సీలో, ఆ తర్వాత ప్రజారోగ్యంలో మాస్టర్స్ స్కాట్లాండ్‌లో, రెండూ ఈ బిల్లు మీదే చదివాను. సైన్యంలో మెడిక్‌గా, అంటే వైద్య సహాయకుడిగా, నాలుగేళ్లు చేసిన సేవకు దక్కిన హక్కు ఇది. దాని మీద నాకెంత గౌరవం ఉందో, అలవెన్సు ఆగిపోయిన ఆ వేసవి మీద అంత కోపమూ ఉంది.

ముందు మంచి మాట. అమెరికాలో చదివితే కళాశాల ఉన్న ఊరి పిన్‌కోడ్‌ను బట్టి అలవెన్సు మారుతుంది. విదేశాల్లో అలా కాదు. అమెరికా మొత్తానికి లెక్కకట్టిన సగటు మొత్తాన్నే ఇస్తారు. లండన్‌లో చదివినా, బెర్లిన్‌లో చదివినా, గుర్తింపు ఉన్న కోర్సు దొరికితే హైదరాబాద్‌లో చదివినా ఒకటే. నేను వెళ్లిన 2024–25లో అది నెలకు 2,200 డాలర్లకు పైనే ఉంది. పౌండ్లలోకి మారిస్తే సుమారు 1,700. నేనున్న ఊళ్లో, నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక గది అద్దె అందులో సగం కూడా కాదు. పూర్తికాలం విద్యార్థులకు అక్కడ కౌన్సిల్ పన్ను (స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను) కూడా ఉండదు. అందుకే మొదటి నెలల్లో పాత యూనిట్ మిత్రులు ఎవరు ఫోన్ చేసినా ఒకటే చెప్పేవాడిని: ఖరీదైన నగరాన్ని వదిలేయండి, చిన్న ఊళ్లోని మంచి విశ్వవిద్యాలయాన్ని చూసుకోండి, హాయిగా చదువుకోవచ్చు.

ఫీజు సంగతి క్లుప్తంగా చెబుతాను. విదేశీ విశ్వవిద్యాలయాలకు ఆ ఏడాది గరిష్ఠ పరిమితి 28,937 డాలర్లు. బ్రిటన్‌లో అంతర్జాతీయ విద్యార్థుల ఫీజు చాలా కోర్సులకు ఆ గీత దాటుతుంది. నాది కొద్దిగా దాటింది, మిగతాది నేనే కట్టుకున్నాను. నేను వెళ్లినప్పుడు స్టూడెంట్ వీసాకు 490 పౌండ్లు, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌ఛార్జి కూడా నా జేబులోంచే పోయాయి.

మా తరగతిలో విజయవాడ, వరంగల్ నుంచి వచ్చిన పిల్లలు ఉండేవారు. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో విద్యారుణం తీసుకుని వచ్చినవాళ్లే ఎక్కువ. "అన్నా, చదువుకున్నందుకు మీకు నెలనెలా వాళ్లే డబ్బులిస్తారా?" అని ఒక అబ్బాయి రెండుసార్లు అడిగి మరీ నిర్ధారించుకున్నాడు. వాళ్ల నాన్న భారత సైన్యంలో హవల్దారుగా రిటైరయ్యారట. మాజీ సైనికుల పిల్లలకు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ విదేశీ చదువుకు వర్తించదు కాబట్టి తనకు ఆ దారి లేదన్నాడు. వాళ్ల మధ్య కూర్చున్నప్పుడు నాకు దక్కినదాని విలువ బాగా తెలిసేది. ఇప్పటికీ తెలుసు. ఆ తర్వాత జరిగింది చెబుతున్నానంటే ఆ విలువ తెలియక కాదు.

అలవెన్సు నెల గడిచాకే వస్తుంది. పైగా తరగతులు నడిచిన రోజులకే లెక్క. సెప్టెంబర్ మధ్యలో కోర్సు మొదలైతే అక్టోబర్‌లో చేతికి వచ్చేది సగం నెల డబ్బు. ఇంటి యజమాని మాత్రం డిపాజిట్‌ను, మొదటి నెల అద్దెను తాళం ఇచ్చే ముందే తీసుకుంటాడు. బ్రిటన్‌లో పూచీ ఉండే మనిషి లేకపోతే కొన్ని నెలల అద్దె ముందే అడిగేవాళ్లూ ఉన్నారు. డిసెంబర్‌లో సెమిస్టర్ ముగిసిన రోజుతో అలవెన్సు ఆగింది, జనవరిలో రెండోది మొదలైన రోజు నుంచి మళ్లీ లెక్కలోకి వచ్చింది. సెమిస్టర్ల మధ్య విరామానికి చెల్లించే పద్ధతిని 2011లోనే తీసేశారు. న్యూజెర్సీలో చదివేటప్పుడు అమ్మానాన్నల ఇంట్లోనే ఉండేవాడిని కాబట్టి ఈ ఖాళీల బరువు నాకు తెలియలేదు. పరాయి దేశంలో, నెలనెలా అద్దె కట్టాల్సిన గదిలో, చలికాలపు హీటింగ్ బిల్లుతో పాటు తెలిసింది. ఊరు చవక అయితే చాలన్న నా సలహా అక్కడికే కొంత మెత్తబడింది.

ఇక అసలు సంగతి. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు. రెండు సెమిస్టర్లలో తరగతులు, పరీక్షలు కలిపి 120 పూర్తవుతాయి. మిగిలిన 60 డిసర్టేషన్‌వి, అంటే చివర్లో రాసే పరిశోధన వ్యాసానివి. అది జూన్ నుంచి ఆగస్టు దాకా, కొన్నిచోట్ల సెప్టెంబర్ దాకా నడుస్తుంది. అంటే డిగ్రీలో మూడో వంతు వేసవిలోనే ఉంది. తరగతులు ఉండవు గాని అంత ఒత్తిడి ఏడాదిలో మరెప్పుడూ ఉండదు. నాది వలస కార్మికుల్లో క్షయ చికిత్స మధ్యలో ఎందుకు ఆగిపోతుందన్న అంశం. పొద్దున గ్రంథాలయం తెరిచే వేళకు వెళ్తే రాత్రికే బయటికి వచ్చేవాడిని. ప్రతివారం గైడ్‌తో సమావేశం, మధ్యలో నైతిక అనుమతి కాగితాలు.

జూన్ నెల అలవెన్సు రావాల్సిన సమయానికి రాలేదు. ఆన్‌లైన్ ఖాతా తెరిచి చూస్తే, నా చదువు మే నెలాఖరుతో ముగిసినట్టు ఉంది.

ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. మనం చదువుతున్నామని, ఈ డబ్బు ఇచ్చే అమెరికా వెటరన్స్ (మాజీ సైనికుల) శాఖకు మనం చెబితే చాలదు. విశ్వవిద్యాలయంలో దీనికోసం నియమించిన సర్టిఫైయింగ్ అధికారి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, పూర్తికాలం, తరగతి గది చదువు అని ధ్రువీకరించి పంపాలి. ఆ కాగితంలో ఉన్న తేదీలే శాఖకు ప్రమాణం. అమెరికాలో ప్రతి కళాశాలలోనూ ఈ పని ఎరిగినవాళ్లు ఉంటారు. నేను చదివిన చోట ఏడాదికి మా లాంటివాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆ పని చూసే ఉద్యోగికి అది పది పనుల్లో పదకొండోది. ఆయన రెండు సెమిస్టర్ల తేదీలు పంపి ఊరుకున్నారు.

విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాను. వారానికి జవాబు వచ్చింది: వేసవిలో బోధన లేదు కాబట్టి మా వ్యవస్థలో ఆ కాలానికి టర్మ్ కనిపించదు, ధ్రువీకరించలేం. ఆ వాక్యం చదివినప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే అదే వేసవిని బ్రిటన్ వీసా నిబంధనలు చదువు కాలంగానే చూస్తాయి. మాస్టర్స్ విద్యార్థికి డిసర్టేషన్ నెలలు సెలవులు కావు, అందుకే వారానికి 20 గంటలకు మించి ఉద్యోగం చేయకూడదు. ఆ నిబంధనను గుర్తుచేస్తూ మాకు మే నెలలో ఉత్తరం పంపింది ఆ విశ్వవిద్యాలయమే. ఉద్యోగం చేసుకోబోతే నువ్వు పూర్తికాలం విద్యార్థివి అంటారు. అలవెన్సు అడిగితే నీకు చదువే లేదంటారు. రెండు ఉత్తరాలూ ఒకే భవనం నుంచి వచ్చినవే.

వెటరన్స్ శాఖ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. అవతలి ఆవిడ ఓపికగా విన్నారు. డిసర్టేషన్ డిగ్రీలో తప్పనిసరి భాగమై, విద్యార్థి విశ్వవిద్యాలయంలోనే ఉండి పూర్తికాలం చేస్తుంటే ధ్రువీకరించడానికి అడ్డంకి లేదని, కాకపోతే కాగితం అటునుంచే రావాలని స్పష్టంగా చెప్పారు. విదేశీ విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ చదువుకు ఈ బిల్లు వర్తించదు. కాబట్టి నేను ఊళ్లోనే ఉన్నానని, గైడ్‌ను నేరుగా కలుస్తున్నానని రాసి ఉంటే మంచిదన్నారు. మా గైడ్ ఆ సాయంత్రమే సంతకం చేసిన లేఖ ఇచ్చింది. 60 క్రెడిట్లు, పూర్తికాలం, క్యాంపస్‌లోనే, తేదీలతో సహా. అందులో ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ లేఖ లేకపోతే ఈ కథ అక్కడే ఆగిపోయేది.

లేఖ పంపాక జూలై వచ్చింది. ఆ ఉద్యోగి సెలవులో ఉన్నారు. బదులుగా చూసేవారికి ధ్రువీకరణ పంపే వెబ్‌సైట్‌లోకి వెళ్లే అనుమతి లేదు. వారాంతాల్లో ఒక వృద్ధాశ్రమంలో సహాయకుడిగా పనిచేశాను. మెడిక్ అనుభవం అక్కడ అక్కరకు వచ్చింది. నాన్న ఫోన్ చేసి "డబ్బు పంపనా?" అన్నారు. "వద్దు నాన్నా, వస్తాయి" అన్నాను గాని రెండో నెల అద్దెకు పంపించుకోక తప్పలేదు. ఇరవై ఏళ్లప్పుడే సైన్యంలో చేరి, ఆయన మీద ఆధారపడకుండా చదువుకోవాలనుకున్నవాడికి అది చిన్న విషయం కాదు.

ధ్రువీకరణ ఆగస్టు మధ్యలో వెళ్లింది. వెనకటి నెలల డబ్బంతా సెప్టెంబర్‌లో ఒక్కసారిగా పడింది, అప్పటికి డిసర్టేషన్ సమర్పించేశాను. శాఖ తన వంతు పనిని కాగితం అందాక ఆలస్యం లేకుండా చేసింది, ఆ మాట చెప్పాలి. ధ్రువీకరించని నెలలు మన 36 నెలల ఖాతాలోంచి తగ్గవు కదా, దాచుకోవచ్చుగా అని ఒక మిత్రుడు ఓదార్చబోయాడు. లెక్క ప్రకారం నిజమే. 2013 జనవరి 1 తర్వాత సైన్యం నుంచి బయటికి వచ్చినవారికి గడువు కూడా లేదు. కాని దాచుకున్న నెలలు జూలై అద్దె కట్టవు.

ఇంతకీ వెళ్లవచ్చా? నా పరిస్థితి చెబుతాను, మీది దాని పక్కన పెట్టి చూసుకోండి. నాకు పెళ్లి కాలేదు. సైన్యంలో ఉన్నప్పుడు దాచిన డబ్బు కొంత ఉంది. అవసరానికి నిలబడే తల్లిదండ్రులు ఉన్నారు. అందుకే ఆ చదువు నాకు దక్కింది, ఇప్పుడు చేస్తున్న ఉద్యోగమూ దాని వల్లే వచ్చింది. ఆ ఏడాదిని నేను వదులుకోను. భార్యాపిల్లలతో వెళ్లేవాళ్లకు మాత్రం నేను ధైర్యంగా పదండి అని చెప్పలేను. కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటేనే ఆలోచించండి. బిల్లును పిల్లల పేరిట మార్చాలనుకునేవాళ్లు సైన్యంలో ఉండగానే ఆ పని చేయాలి. ఆరేళ్ల సేవ పూర్తయి ఉండాలి, మరో నాలుగేళ్లకు సంతకం పెట్టాలి. బయటికి వచ్చేశాక ఆ దారి మూసుకుంటుంది. జర్మనీ లాంటి చోట చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు ఉండదు, అక్కడ అలవెన్సే ముఖ్యం కాబట్టి తేదీల సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

సీటు ఒప్పుకునే ముందే విశ్వవిద్యాలయానికి ఒక్క ప్రశ్న రాయండి: డిసర్టేషన్ కాలాన్ని పూర్తికాలం చదువుగా ధ్రువీకరిస్తారా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? జవాబు ఉత్తరంలోనే తీసుకోండి, ఫోన్‌లో వద్దు. ఫోర్ట్ బ్లిస్ సైనిక స్థావరంలో నాతో పనిచేసిన ఒక మిత్రుడు ఈ ఏడాది ఐర్లాండ్‌లో రెండు చోట్ల సీటు తెచ్చుకున్నాడు. రెండింటికీ ఈ ప్రశ్నే పంపించాను. ఒకరు మూడు రోజుల్లో తేదీలతో జవాబిచ్చారు, మరొకరు సంబంధిత విభాగానికి పంపామన్నారు. మొదటి చోట ఫీజు ఎక్కువ. అయినా అతను అక్కడే చేరుతున్నాడు.